శాతం ఇవ్వండి, నిష్పత్తి కాపాడండి: ఫోటో సైజు మార్చే సాఫ్ట్‌వేర్లు, అప్‌లోడ్ ఫారాలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాఫ్ట్‌వేర్ రూపకర్తలకు, ఆన్‌లైన్ ఫారాల డిజైనర్లకు, ఆ ఫారాల్లో ఫోటో నిబంధనలు రాసే అధికారులకు నమస్కారం.

మీ పని వల్లే ఇవాళ ఎవరైనా ఇంట్లో కూర్చుని దరఖాస్తు పంపగలుగుతున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను. ఫోటో సైజు మార్చే దగ్గర మామూలు జనం పడుతున్న అవస్థ గురించి మీ ఫీడ్‌బ్యాక్ పేజీల్లో, హెల్ప్‌డెస్క్ మెయిళ్లలో నాలాంటివాళ్లు ఎందరో రాశారు. నేనూ రాశాను. "మీ సూచన అందింది" అన్న ఆటోమేటిక్ జవాబు వచ్చింది గానీ స్క్రీన్ మీద ఏమీ మారలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఫోటోలు, స్కాన్ చేసిన కాగితాలు అప్‌లోడ్‌కు పనికొచ్చేలా సరిచేసి ఇవ్వడం నా పని. నా దగ్గరికి విద్యార్థులు వస్తారు, ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్లు వస్తారు, పింఛను కాగితాలు పట్టుకుని పెద్దవాళ్లు వస్తారు. అందరి మాటా ఒకటే: "ఫోటో తీసుకోవట్లేదండీ, కాస్త చిన్నది చేసి పెట్టండి."

చిన్నది చేయడం నిజానికి తేలికైన పని. ఫోన్‌తో తీసిన ఫోటో 4000 × 3000 పిక్సెళ్లు (ఫోటోను ఏర్పరిచే చిన్న చుక్కలు) ఉందనుకోండి. 25 శాతానికి తగ్గిస్తే 1000 × 750 అవుతుంది. పొడుగూ వెడల్పూ రెండూ ఒకే శాతంతో తగ్గాయి కాబట్టి 4:3 నిష్పత్తి అలాగే ఉంది. కూడికలు, భాగహారాలు అక్కర్లేదు. ఒక్క అంకె వేస్తే చాలు. ఇంత సులువైన దారిని చాలా యాప్‌లు, ఫారాలు అసలు చూపించవు. చూపించినా ఎక్కడో లోపలి మెనూలో దాస్తాయి, లేదా అది ఏం చేస్తుందో చెప్పకుండా వదిలేస్తాయి. దాని ఫలితం ఎవరి మీద ఎలా పడుతోందో కింద రాస్తున్నాను.

1. ముఖాలు సాగిపోతున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా నేను చూసే సమస్య ఇదే.

ఫారం "600 × 600 పిక్సెళ్ల ఫోటో" అడుగుతుంది. మనిషి దగ్గర ఉన్నది నిలువుగా తీసిన 3000 × 4000 ఫోటో. ఎడిటింగ్ యాప్ తెరిస్తే రెండు ఖాళీ గళ్లు కనిపిస్తాయి. రెండింటిలోనూ 600 అని కొడతారు. ఫారం అడిగింది అదే కదా! నిష్పత్తి లాక్ (పొడుగు, వెడల్పు రెండూ కలిసి మారేలా చూసే సెట్టింగు) ఆఫ్‌లో ఉంటే వెడల్పు 20 శాతానికీ పొడుగు 15 శాతానికీ తగ్గుతాయి. అంటే ముఖం ఉండాల్సినదానికంటే మూడో వంతు ఎక్కువ వెడల్పుగా వస్తుంది. బుగ్గలు ఉబ్బినట్టు, మెడ కుంగినట్టు కనిపిస్తుంది. ఫారం మాత్రం కొలత సరిపోయింది కాబట్టి పచ్చ టిక్కు పెట్టి తీసుకుంటుంది. తర్వాత పరిశీలనలో "ఫోటో స్పష్టంగా లేదు", "ముఖం సరిపోలలేదు" అంటూ తిరస్కరిస్తారు.

ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. లోపం తన ఫోటోలోనే ఉందనుకుని గోడ రంగు మార్చి, లైటు మార్చి, కళ్లజోడు తీసి మళ్లీ మళ్లీ తీయించుకుంది. ఎన్ని తీయించుకున్నా ఫోన్ ఇచ్చేది అదే నిలువు ఫోటో, ఆమె కొట్టేది అవే రెండు 600లు. ముందు ఫోటోను చదరంగా 3000 × 3000కి క్రాప్ చేసి (అంచులు కత్తిరించి), ఆ తర్వాత 20 శాతానికి తగ్గిస్తే సరిగ్గా 600 × 600 వస్తుంది, ముఖం ఏమాత్రం మారదు. ఫారంలో "ముందు చదరంగా క్రాప్ చేయండి" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ అమ్మాయికి అంత టెన్షన్ ఉండేది కాదు. గడువు తేదీ దగ్గరపడుతున్నప్పుడు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

2. 50 శాతం అంటే సగం అనుకుంటున్నారు. అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. గడి పక్కన "శాతం" అని మాత్రమే ఉంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ శాతం పొడుగుకు విడిగా, వెడల్పుకు విడిగా పడుతుంది. 4000 × 3000 ఫోటోలో కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 50 శాతం చేస్తే 2000 × 1500, అంటే ముప్పై లక్షలు. మిగిలింది నాలుగో వంతే. 25 శాతం చేస్తే పదహారో వంతు, 10 శాతం చేస్తే నూరో వంతు. నిజంగా పిక్సెళ్లు సగం కావాలంటే 70.7 శాతం పెట్టాలి. ఆ లెక్క వర్గమూలం దగ్గరికి వెళ్తుంది, దాన్ని వాడేవాళ్ల నెత్తిన వేయడం న్యాయం కాదు. పది శాతం తగ్గిస్తే సరిపోయే ఫోటోను సగానికి తగ్గించి, వివరాలన్నీ పోగొట్టుకుని వచ్చేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు.

3. పిక్సెళ్లు, కేబీలు (ఫైల్ బరువు), డీపీఐ (ప్రింటులో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు) అన్నీ కలగాపులగం అయ్యాయి. "మీ ఫైల్ చాలా పెద్దది" అని ఎర్రక్షరాల్లో వస్తుంది. ఏది పెద్దది? కొలతలా, ఫైల్ బరువా? ఒకే 1000 × 750 ఫోటో జేపెగ్ (ఫోటోలను కుదించి దాచే ఫైల్ రకం) నాణ్యత సెట్టింగును బట్టి కొన్ని పదుల కేబీలూ ఉండొచ్చు, కొన్ని వందల కేబీలూ ఉండొచ్చు. సాదా గోడ ముందు నిలబడ్డ మనిషి ఫోటో తేలిగ్గా ఉంటుంది. వెనక చెట్టు ఆకులున్న ఫోటో అదే కొలతలోనూ బరువుగా ఉంటుంది. ఈ సంగతి ఫారం చెప్పదు కాబట్టి జనం కేబీలు తగ్గడం కోసం శాతాన్ని తగ్గిస్తూ పోతారు, చివరికి తపాలా బిళ్లంత ఫోటో మిగులుతుంది. అప్పుడు అదే ఫారం "ఫోటో చాలా చిన్నది" అంటుంది. కనీస కొలత ఎంతో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

డీపీఐ సంగతి ఇంకా దారుణం. "300 డీపీఐ ఉండాలి" అన్న నిబంధనకు పక్కన అంగుళాలు రాయకపోతే అర్థమే లేదు. 600 × 600 ఫోటోకు 300 డీపీఐ అని రాసుకుంటే ప్రింటులో రెండంగుళాలు వస్తుంది. ఆ అంకెను 72కి మార్చినా ఫోటోలో ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు, పెరగదు. ఫైల్‌లో ఒక మూల రాసి ఉన్న నంబరు మారుతుంది, అంతే. ఆ నంబరు కోసం ఫోటోలు తిరస్కరించే ఫారాలు ఉన్నాయి. దయచేసి ఆపండి.

4. వెనక్కి రావడం కుదరదన్న సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఫోటోను 50 శాతం చేసి "అయ్యో, మరీ చిన్నదైంది" అనుకుని 200 శాతం చేస్తే కొలతలు మళ్లీ 4000 × 3000 అవుతాయి. కానీ పోయిన వివరం పోయినట్టే. చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, అందుకే బొమ్మ మసగ్గా వస్తుంది. పది శాతం తగ్గించి, పది శాతం పెంచినా మొదటికి రాదు: 4000 కాస్తా 3600 అవుతుంది, అక్కణ్నుంచి 3960 దగ్గర ఆగుతుంది. "కొంచెం కొంచెంగా" తగ్గిద్దామని ఐదుసార్లు 90 శాతం కొడితే 4000 వెడల్పు 2362కి దిగుతుంది. ప్రతిసారీ జేపెగ్‌గా సేవ్ అవుతుంటే, ప్రతి సేవ్‌కూ ఇంకాస్త నాణ్యత పోతుంది. ఒరిజినల్ నుంచి ఒకేసారి 59 శాతం చేసి ఉంటే దాదాపు అదే కొలతలో ఎంతో శుభ్రంగా వచ్చేది.

ఈ తప్పు పంపే ఫోటోతో పోతే కొంత నయం. కొన్ని ఫోన్ యాప్‌లు తగ్గించిన కాపీని ఒరిజినల్ మీదే సేవ్ చేసేస్తాయి. ఇప్పుడు లేని ఒక మనిషి ఫోటోను దరఖాస్తు కోసం చిన్నది చేసి, అసలుది పోగొట్టుకుని, "పెద్దది చేసి ఫ్రేము కట్టిద్దామంటే ఎలాగండీ" అని అడిగినవాళ్లకు నేనేం చెప్పగలను? ఆ ఫోటో ఇక రాదు. ఇది మీరు ఒక్క రోజులో సరిదిద్దగల లోపం.

5. స్కాన్ చేసిన కాగితాల్లో అక్షరాలు చచ్చిపోతున్నాయి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 2480 × 3508 పిక్సెళ్లు వస్తుంది. అందులో 10 పాయింట్ల అక్షరానికి దాదాపు 42 పిక్సెళ్ల ఎత్తు దొరుకుతుంది. అదే స్కాన్‌ను 25 శాతం చేస్తే ఒక్కో అక్షరానికి పది పిక్సెళ్లు మిగులుతాయి. అందులోనే గుడీ, ఒత్తూ, దీర్ఘమూ ఇమడాలి. ఇమడవు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అంకెల్లో 3, 8 ఒకేలా కనిపిస్తాయి, దశాంశ చుక్క మాయమవుతుంది. పుట్టిన తేదీలోనో ఖాతా నంబరులోనో ఒక అంకె తప్పు చదివితే ఎన్ని చోట్ల తిరగాల్సి వస్తుందో ఊహించండి.

తగ్గించే పద్ధతి కూడా ఇక్కడే ముఖ్యం. అన్నిటికంటే సులువైన పద్ధతి దగ్గరి పిక్సెల్‌ను ఎత్తిపెట్టుకోవడం. దాంతో 25 శాతం చేస్తే నాలుగు వరుసల్లో ఒకటే మిగులుతుంది. ఒక్క పిక్సెల్ మందం ఉన్న గీత మిగతా మూడు వరుసల్లో ఎక్కడ ఉన్నా గల్లంతే. పట్టికల గీతలు, సంతకంలోని సన్నని మెలికలు అలాగే పోతాయి. చుట్టుపక్కల పిక్సెళ్లన్నిటినీ లెక్కలోకి తీసుకునే బైక్యూబిక్, లాంక్జోస్ లాంటి పద్ధతులు ఉన్నాయి. ఫోటోలు, స్కాన్‌లు తగ్గించడానికి అవే నయం. క్యూఆర్ కోడ్‌ను పెద్దది చేసేటప్పుడు మాత్రం కథ వేరు. అక్కడ దగ్గరి పిక్సెల్ పద్ధతే మంచిది, శాతం కూడా 200, 300 లాగా నిండు రెట్లలో ఉండాలి. 150 అంటే గళ్లు ఎగుడుదిగుడు అవుతాయి. ఈ ఎంపికను "బైలీనియర్, బైక్యూబిక్" అని పేర్లు చూపించి మామూలు మనిషిని ఎంచుకోమంటే ఎలా? "ఫోటోకు", "రాతకు, గీతలకు", "కోడ్‌లకు" అని రాస్తే అందరికీ అర్థమవుతుంది.

6. దేనిలో శాతం? ఈ ప్రశ్నకు ఒక్కో చోట ఒక్కో జవాబు ఉంది. మైక్రోసాఫ్ట్ పెయింట్‌లో శాతం అప్పుడు తెర మీదున్న బొమ్మకు పడుతుంది. రెండుసార్లు 50 కొడితే 25 శాతం మిగులుతుంది. వర్డ్‌లో బొమ్మ శాతాన్ని ఒరిజినల్ సైజుతో పోల్చి లెక్కపెట్టే వీలుంది. అక్కడ ఎన్నిసార్లు 50 కొట్టినా 50 శాతమే. వెబ్ పేజీల్లో సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) రాసేటప్పుడు వెడల్పు 50 శాతం అంటే బొమ్మ వెడల్పులో సగం కాదు, దాన్ని పెట్టిన పెట్టె వెడల్పులో సగం. పైగా పొడుగూ వెడల్పూ రెండూ గట్టిగా కట్టేస్తే, బొమ్మ పెట్టెలో ఎలా ఇమడాలో చెప్పే ఆబ్జెక్ట్-ఫిట్ డిఫాల్ట్ విలువ 'ఫిల్' (నింపు) కాబట్టి బ్రౌజర్ బొమ్మను సాగదీసి నింపుతుంది. చాలా ఫారాల ప్రివ్యూలో ముఖాలు వంకరగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఫోటో బాగానే ఉంటుంది, ప్రివ్యూ తప్పు చూపిస్తుంది. మనిషి భయపడి బాగున్న ఫోటోను పాడుచేసుకుంటాడు.

7. ఫోటోలు అడ్డం తిరుగుతున్నాయి. ఫోన్ చాలాసార్లు ఫోటోను అడ్డంగానే రాసి, "నిలువుగా చూపించు" అన్న సూచనను ఎక్సిఫ్ సమాచారంలో (ఫోటో ఫైల్ లోపలే ఉండే వివరాల్లో) పెడుతుంది. సైజు మార్చే సాఫ్ట్‌వేర్ ఫోటోను తిప్పకుండా ఆ సూచనను పారేస్తే మనిషి పక్కకు పడుకుని కనిపిస్తాడు. సైజు మార్చేముందే తిప్పి పెట్టండి, చాలు.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. "శాతాలు జనానికి అర్థం కావు" అంటారు. ఫోన్‌లో బ్యాటరీ ఎంతుందో అందరూ శాతంలోనే చూసుకుంటున్నారు. అర్థం కానిది శాతం కాదు, ఆ శాతం వల్ల ఏం జరగబోతోందో చూపించని స్క్రీన్. "అందరి ఫోటోలూ మా సర్వర్లలో తగ్గించాలంటే భారం" అంటారు. ఆ పని సర్వర్‌కు చేరకముందే, బ్రౌజర్‌లోని కాన్వాస్ అనే బొమ్మలు మార్చే సౌకర్యంతో వాడేవాళ్ల ఫోన్‌లోనే చేయొచ్చు. నెట్ స్లోగా ఉన్నవాళ్లకు అప్‌లోడ్ చేయాల్సిన డేటా కూడా తగ్గుతుంది.

ఇది అసాధ్యమైన కోరికేమీ కాదని చెప్పడానికి ఉదాహరణలు కళ్లెదుటే ఉన్నాయి. పెయింట్‌లో శాతం గడి పక్కనే నిష్పత్తి కాపాడే ఏర్పాటు ఉంది. గింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్‌లో పొడుగు, వెడల్పు గళ్ల మధ్య గొలుసు బొమ్మ ఉంటుంది, అది కలిసి ఉన్నంతసేపూ ఒకటి మారిస్తే రెండోదీ మారుతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది, ఆదేశాలు టైపు చేసి బొమ్మలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్. దానికి 600 × 600 అని చెప్పినా ఆ చట్రంలో ఇమిడేలా నిష్పత్తితోనే తగ్గిస్తుంది. బొమ్మను సాగదీయాలని మీరు నిజంగా అనుకుంటే కొలత పక్కన ప్రత్యేకంగా ఆశ్చర్యార్థకం పెట్టి చెప్పాలి. అలాగే ఉండాలి. ఆకారం చెడగొట్టడానికే శ్రమ పడాలి. ఇప్పుడు చాలా యాప్‌లలో కాపాడుకోవడానికి శ్రమ పడాల్సి వస్తోంది.

ఇక మా డిమాండ్లు. ఎడిటింగ్ యాప్‌లు, సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవారిని అడుగుతున్నది: సైజు మార్చే స్క్రీన్ తెరవగానే మొదట శాతం గడి కనిపించాలి, నిష్పత్తి లాక్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండాలి. శాతం మార్చగానే "పాతది 4000 × 3000, కొత్తది 2000 × 1500, పిక్సెళ్లు నాలుగో వంతు, ఫైల్ సుమారు ఇంత" అని అక్కడికక్కడే చూపించాలి. ఎన్నిసార్లు మార్చినా లెక్క ఒరిజినల్ నుంచే మొదలవ్వాలి. ఒరిజినల్ ఫైల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ చెరపకూడదు, కొత్త కాపీనే సేవ్ చేయాలి. 100 శాతం దాటితే "వివరం పెరగదు, మసక పెరుగుతుంది" అని ఒక మాట చెప్పాలి. ఇంజినీర్లకు ఇంకొక్కటి. పిక్సెల్ మందం నలుపు, తెలుపు చారలున్న బొమ్మను సగానికి తగ్గిస్తే, ఎస్ఆర్‌జీబీ (తెరలు మామూలుగా వాడే రంగుల పద్ధతి)లో 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) స్కేలు మీద 188 దగ్గరి బూడిద రంగు రావాలి. నేరుగా సగటు తీసే ప్రోగ్రాముల్లో 128 వస్తుంది, బొమ్మ నల్లబడుతుంది. పిక్సెల్ అంకెలను ముందు లీనియర్ (అసలు కాంతి పరిమాణానికి అనుపాతంలో ఉండే) అంకెలుగా మార్చి, ఆ తర్వాత తగ్గించండి.

అప్‌లోడ్ ఫారాలు తయారుచేసేవారిని అడుగుతున్నది: క్రాప్, సైజు తగ్గింపు రెండూ ఫారంలోనే ఇవ్వండి, ఆ వరుసలోనే ఇవ్వండి. పెద్ద ఫోటో వచ్చిందని తిప్పి పంపకండి, నిష్పత్తితో మీరే తగ్గించుకోండి. ఎర్రక్షరాల్లో సందేశం పెట్టేటప్పుడు తప్పెక్కడో చెప్పండి: కొలతలా, కేబీలా, ఫైల్ రకమా? ఎంత ఉండాలో, మనిషి ఇచ్చింది ఎంతో రెండు అంకెలూ పక్కపక్కన వేయండి. ప్రివ్యూలో బొమ్మను సాగదీయకండి.

నిబంధనలు రాసే అధికారులను అడుగుతున్నది: ఒకే ఒక్క కచ్చితమైన కొలతకు బదులు "కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత, నిష్పత్తి ఇది" అని రాయండి. అంగుళాలు లేకుండా డీపీఐ అడగకండి. స్కాన్ కాగితాలకు కేబీ పరిమితి పెట్టేముందు, ఆ పరిమితిలో పది పాయింట్ల అక్షరం చదవడానికి వస్తుందో లేదో మీ కార్యాలయంలోనే ఒక పేజీ స్కాన్ చేసి చూడండి. కొలత సరిపోయి ముఖం సాగిన ఫోటో వస్తే, తిరస్కరణ సందేశంలో "ఫోటో సాగింది, క్రాప్ చేసి మళ్లీ పంపండి" అని అసలు కారణం రాయండి. అలా తిరస్కరణకు గురైనవారికి, గడువు దాటినా సరే, ఫోటో మార్చుకునే అవకాశం ఇవ్వండి.

వీటిలో ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, చేయలేకపోతే ఎందుకో మీ సహాయ పేజీల్లో అందరికీ కనిపించేలా జవాబివ్వాలని కోరుతున్నాను. అన్నీ ఒకేసారి కుదరకపోతే రేపు రాబోయే అప్‌డేట్‌లో రెండు చేయండి: నిష్పత్తి లాక్ ఆన్‌లో పెట్టండి, ఒరిజినల్‌ను చెరపడం ఆపండి.

ఇట్లు,
ఫోటోలు, కాగితాలు అప్‌లోడ్‌కు సిద్ధం చేసి ఇచ్చే పనిలో ఉన్న ఒకరు